మిద్దె కొట్టినవాళ్ల బంతి

ఈ మధ్య నాకు దగ్గు పట్టుకుని వదలడం లేదు. డాక్టరు రాసిన మందు పనిచేయడం లేదని మా ఆవిడ కరక్కాయలు దంచి నీళ్లలో నానబెట్టింది. పొద్దున లేచి గిన్నె మీది మూత తీసేసరికి ఆ వగరు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. ఎమ్మిగనూరులో నా వంటింట్లో నిలబడ్డవాణ్ణి ఒక్కసారిగా ఆదోనిలో మేడ హోటలు మిద్దె మీద ఉన్నాను. తొట్లలో కరక్కాయ, బెల్లం కలిపి నానబెట్టిన నీళ్లు, వాటి మీద ముసురుతున్న ఈగలు. పదిహేను మంది ఆడవాళ్లు రెండు వరుసల్లో గొంతుక్కూర్చుని చేతిచెక్కలతో సున్నపు మిద్దెను కొడుతున్నారు. ముందు వరుసలో మొదట ఉసేనమ్మ. నలభై ఏళ్లు దాటినా ఆ వాసన ఆమెనే ముందు తెచ్చి నిలబెడుతుంది.

పోయిన నెల ఆ హోటలు వాళ్లు అచ్చువేసిన పుస్తకం ఒకటి మా ఇంటికి పంపారు. రంగురంగుల ఫోటోలు, నున్నటి కాగితం. కూలిపోతున్న భవనాన్ని హోటలు యజమాని గురుపాదప్పగారు ప్రాచీన నిర్మాణకళ మీద మక్కువతో తన స్వహస్తాలతో కాపాడారట. స్వహస్తాలట. ఆ చేతులు నేను చూశాను. తమలపాకుకు రాసుకునే సున్నం తప్ప వేరే సున్నం వాటికి అంటలేదు. అంతటితో ఆపినా సరిపోయేది. కులం, మతం చూడకుండా అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి అన్నం పెట్టిన మహానుభావుడని కూడా రాశారు. అది చదివాక నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకం మూల పారేసి, మర్నాడు మళ్లీ తీసి చదివాను, నేనేమైనా పొరబాటుగా చదివానేమోనని. పొరబాటు లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఉసేనమ్మ ఎవరో మీకు తెలియదు. ఆ పుస్తకంలో ఆమె పేరు ఎక్కడా లేదు, కాబట్టి ఇకముందు తెలిసే దారి కూడా లేదు.

మేడ హోటలు బ్రిటిషు వాళ్ల కాలంలో కట్టింది. ఆదోనికి పత్తి కొనడానికి బొంబాయి నుంచీ షోలాపురం నుంచీ వచ్చే సేట్లు దిగడానికని కట్టారు. కింద పెద్ద భోజనాల హాలు, పైన గదులు, రోడ్డు వైపు చెక్క కటకటాల వరండా. రాతి గోడలు, టేకు దూలాలు, దూలాల మీద ఇటుక, సున్నం పరిచి కొట్టిన మిద్దె. డెబ్బైల చివర్లో నేను చూసేనాటికి అది మూతబడి చాలా ఏళ్లయింది. హాల్లో పావురాలు, పత్తి గోతాలు. వానొస్తే నీళ్లు ధార కట్టేవి. జిన్నింగు మిల్లు ఉన్న గురుపాదప్ప దాన్ని కొని, మళ్లీ హోటలు, లాడ్జి తెరవాలనుకున్నాడు. నేను అప్పుడే డిప్లొమా చేతపట్టుకుని వచ్చాను. మాది ఎమ్మిగనూరులో మగ్గం గుంట ఉన్న ఇల్లు. మా ఇంట్లో కలం పట్టి జీతం తీసుకున్న మొదటివాణ్ణి నేనే. గురుపాదప్ప నన్ను ఓవర్సీరుగా పెట్టుకున్నాడు. రోజూ మొదటి బస్సుకు ఆదోని పోయి, సాయంత్రం తిరిగి వచ్చేవాణ్ణి.

వచ్చిన వారంలోనే నా తెలివి చూపించాను. పాత మిద్దె మొత్తం పీకేసి సిమెంటు శ్లాబు వేయాలని నీలి కాగితం మీద అందంగా గీసి ఇచ్చాను. గురుపాదప్పకు అది తెగ నచ్చింది. కానీ ఆ రోజుల్లో సిమెంటు బస్తా కావాలంటే పర్మిటు ఉండాలి, పర్మిటు కావాలంటే నెలల తరబడి ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆయన తిరిగాడు, మనుషుల్ని పంపాడు, దొరకలేదు. అప్పుడు గానీ సున్నం గుర్తుకు రాలేదు. మక్కువా పాడా. పర్మిటు దొరికి ఉంటే ఆ టేకు దూలాలు ఆనాడే కట్టెల అడితిలో ఉండేవి, వాటిని పీకించిన పాపం నా నెత్తిన ఉండేది.

సున్నపు మిద్దె పని తెలిసినవాళ్లు ఎవరని అడిగితే ఊళ్లో అందరూ ఒకటే పేరు చెప్పారు. ఉసేనమ్మ దూదేకుల మనిషి. అప్పటికి యాభై అయిదేళ్లుంటాయి. పొడుగ్గా, ఎండు కట్టెలాగా ఉండేది. పనిలోకి దిగే ముందు చేతి గాజులు తీసి కొంగున ముడివేసుకునేది. ఆమె వెంట పద్నాలుగు మంది వచ్చారు. కొందరు ఆమె వీధివాళ్లు, ఎక్కువమంది ఊరవతల మాదిగ గేరిలో ఉండే ఆడవాళ్లు, ఇద్దరు కైరుప్పల వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు. నేను నా నీలి కాగితం విప్పి చూపించబోయాను. ఆమె చూడనైనా చూడలేదు. చేతిచెక్క తీసుకుని మిద్దె ఆ కొస నుంచి ఈ కొస దాకా కొట్టుకుంటూ నడిచింది. రెండడుగులకొకసారి వంగి చెవి పెట్టేది. అక్కడక్కడా బొగ్గుతో గుండ్రంగా గీత గీసేది. సగం పూట నేను ఎండలో నిలబడి చూశాను.

“ఏం చేస్తున్నావు అవ్వా?” అన్నాను, ఓపిక చచ్చి.

“ఇంటాండా.”

“ఏం వింటున్నావు?”

“బొగ్గు గీసినకాడ బోలు పలకతాంది. అంతమటుకే సచ్చింది. తక్కింది గట్టిగా ఉండాది, ఇంగ రెండు తరాలు నిలబడతాది. నువ్వు అంతా పీకేయల్ల అని రాసినావంట గదా ఓవర్సీరప్పా. దూలాల మీద సెయ్యి పెట్టి సూసినావా?”

చూడలేదు. కింద నిలబడి తలెత్తి చూసి రాశాను. ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక, ఊరికే తల ఊపాను. ఆమెకు అర్థమైంది. “బతికుండేదాన్ని సంపేకి నాకు సేతులు రావప్పా. సచ్చినంతవరకే తీస్తాం,” అంది. ఆ మాటతో నా నీలి కాగితం పని అయిపోయింది. నాకు కోపం వచ్చింది. చదువుకోని ముసలామె నా లెక్కను చెక్కతో కొట్టిపారేసిందని లోపల్లోపల ఉడికిపోయాను. మర్నాడు నిచ్చెన వేయించుకుని ఒక్కొక్క దూలం మీద చెయ్యి పెట్టి చూశాను. ఆమె చెప్పిందే నిజం.

ఆ పని చూడనివాళ్లకు కొంచెం చెప్పాలి. గానుగలో ఎద్దులతో తిప్పి మెత్తగా నూరిన సున్నాన్ని ఇటుక ముక్కల్లో కలిపి, జానెడు మందాన మిద్దె మీద పరుస్తారు. తర్వాత దాన్ని చెక్కలతో కొట్టాలి. ఒక పూట కాదు, రెండు పూటలు కాదు, రోజుల తరబడి. కొడుతూ కరక్కాయ, బెల్లం నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. ఉసేనమ్మ పదం ఎత్తుకునేది, మిగతావాళ్లు అందుకునేవాళ్లు, ఆ పదానికి పదిహేను చెక్కలూ ఒకటిగా పడేవి. ఎక్కడైనా ఒక చెక్క ముందో వెనకో పడితే ఆమె పాట ఆపకుండానే తల తిప్పి చూసేది. ఎనిమిదో రోజుకు మిద్దెలో మొదటి భాగం చదునుగా, అందంగా కనిపించింది. నేను సంతోషపడి పని పుస్తకంలో ‘పూర్తయినది’ అని రాసి సంతకం పెట్టాను. మేస్త్రీ ఎవరో ఆ సంగతి ఆమెకు చేరవేశాడు.

“ఐపోయిందని రాసుకున్యావంట. రా అప్పా, కూసో,” అని వరుసలో చోటు చూపించి చెక్క నా చేతికిచ్చింది. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. “కొట్టు. కొట్టినాక పట్టు వదులు. సెక్క ఎగిరి నీ సేతిలోకి తిరిగొస్తే ఐపోయినట్ల. ఆణ్ణే పండుకునిందంటే మిద్దె ఇంగా పచ్చిది.”

కొట్టాను. చెక్క అక్కడే పడుకుంది. ఇంకో చోట కొట్టాను, అక్కడా అంతే. గంటసేపు కొట్టించింది నాచేత. అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ తర్వాత ఇంకా ఆరు రోజులు కొడితే గానీ చెక్క ఎగరలేదు. అప్పుడు కూడా నమ్మక, దోసిలి పట్టేంత గుంట చేసి పొద్దున నీళ్లు పోసి, సాయంత్రం అవి ఇంకకుండా అట్లాగే ఉన్నాయని నాకు చూపించి, గుంట పూడ్చాక, “ఇప్పుడు రాసుకో,” అంది. నేను ఆ తర్వాత ముప్పై ఏళ్లు ప్రభుత్వ ఉద్యోగం చేశాను. ఎన్నో బడులు, ఆసుపత్రులు, కల్వర్టులు కట్టించాను. ఏ పనీ కళ్లతో మాత్రమే చూసి పూర్తయిందని రాయలేదు. పై అధికారులు ఎంత తొందరపెట్టినా రాయలేదు. ఆ మొండితనం నాకు ఏ కాలేజీలోనూ రాలేదు.

మా వైపు ఒక ఆచారం ఉండేది. మిద్దె మూసిన రోజున, కొట్టినవాళ్లకే ఆ మిద్దె కింద మొదటి బంతి వడ్డించాలి. ఇంటివాళ్లు, చుట్టాలు అందరూ ఆ తర్వాతే. పని సరిగా లేకపోతే కూలేది ముందు చేసినవాళ్ల నెత్తినే కదా, అందుకని పెట్టిన ఆచారమట. కులం పట్టింపు ఉన్న ఇళ్లల్లో పంచలోనో పందిరి కిందో పెట్టి సరిపెట్టుకునేవాళ్లు. మేడ హోటల్లో అది కూడా జరగలేదు. ఆ హోటలు కట్టినప్పుడు మిద్దె కొట్టిన వాళ్లలో ఉసేనమ్మ తల్లి ఉంది. హాలు వెనక గోడలో సందు వైపు ఒక చిన్న కిటికీ ఉండేది. లోపలికి రానివ్వని వాళ్లకు అందులోంచే కాఫీ, అన్నం పైనుంచి వాళ్ల గిన్నెల్లో పోసేవాళ్లు. మిద్దె కొట్టినవాళ్లకు కూడా ఆ కిటికీయే దిక్కయింది. అప్పుడు ఉసేనమ్మ చంటిపిల్ల, తల్లి చంకలో ఉంది. ఈ సంగతి ఆమె నాకు ఒక మధ్యాహ్నం జొన్నరొట్టె తింటూ చెప్పింది.

“మా యమ్మ ఈ మిద్దె కొట్టి ఆ కిటికీ కాడ నిలబడి తినింది. నేను లోపల కూసోని తినల్ల. నేనొక్కదాన్నే కాదు, పదైదు మందిమి,” అంది. “ఆ కిటికీ కూడా మూసేయమని సెప్పు మీ ఓనరుకు. నాలుగు ఇటుకల పని.”

నేను వెళ్లి చెప్పాను. గురుపాదప్ప గడ్డం నిమురుకుని, “పాత కట్టడమయ్యా. పాతది పాతగానే ఉండల్ల,” అన్నాడు. హాల్లో ఉన్న పాత గోడ గడియారం అమ్మేశాడు, బెల్జియం అద్దాలు అమ్మేశాడు, మెట్ల కటకటాలు మార్పించాడు. ఆ కిటికీని మాత్రం దేవుడి గూడంత భక్తిగా కాపాడాడు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఉగాదికి మంత్రిగారి చేత హోటలు తెరిపించాలని గురుపాదప్ప ముహూర్తం పెట్టుకున్నాడు. అప్పటికి మిద్దెలో ఒక భాగమే అయింది, పని ఇంకా చాలా ఉంది. రోజులు తగ్గించడానికి ఉసేనమ్మ ఒప్పుకోదు. ఆయనే స్వయంగా మిద్దె ఎక్కి వచ్చి బతిమాలాడు. ఆమె లెక్క వేసుకుని, తెల్లారకముందే పని మొదలుపెడతామనీ, వారానికొక రోజు సెలవు కూడా మానుకుంటామనీ చెప్పింది. బదులుగా ఒకటే అడిగింది. హాల్లో మొదటి బంతి. “దానికేముందమ్మా, నువ్వు నా తల్లిలాంటిదానివి. నీకూ నీ మనుషులకూ హాల్లో ఆకులేసి నా సేత్తో వడ్డిస్తా,” అన్నాడు గురుపాదప్ప. నేను పక్కనే ఉన్నాను. పద్నాలుగు మందీ విన్నారు. ఫాల్గుణపు ఎండలో, పాదాలు కాలే మిద్దె మీద గోనెపట్టాలు తడిపి వేసుకుని కొట్టారు. మారెమ్మ అనే ఆమె అరచెయ్యి చీరుకుపోతే గుడ్డ చుట్టుకుని కొట్టింది. పండుగ ఇంకా రెండు రోజులుందనగా చివరి భాగం మీద కూడా చెక్క ఎగిరింది.

ఉగాది రోజున పదిహేను మందీ తలంట్లు పోసుకుని, పెట్టెల్లో దాచుకున్న చీరలు కట్టుకుని వచ్చారు. మారెమ్మ చేతికి కొత్త గుడ్డ చుట్టుకుంది. అందరూ ముందు తలుపు దగ్గర నిలబడ్డారు. మావిడాకుల తోరణం, గోడ మీద పెద్ద అక్షరాలతో ‘అందరికీ ప్రవేశము కలదు’ అనే బోర్డు. ఆ బోర్డు రాయించింది నేనే. గురుపాదప్ప నన్ను పక్కకు పిలిచాడు.

“ఏమయ్యా, వాళ్లను అంతమందిని ఎవరు రమ్మన్నారు? మంత్రిగారి మనుషులున్నారు, పెద్ద పెద్ద వాళ్లున్నారు. ఉసేనమ్మ ఒక్కదాన్ని లోపలికి పిలిచి మూల కూసోబెట్టు. మిగిలినోళ్లకు కిటికీ కాడ పొట్లాలు ఇప్పిస్తా. గేరి వాళ్లను హాల్లో కూసోబెడితే రేపు నా హోటలుకు ఎవరొస్తారు? నువ్వే పోయి సెప్పు, నీ మాట ఇంటాది.”

పోయి చెప్పాను. అవును, నేనే చెప్పాను. ఉసేనమ్మ నా మొహంలోకి చూసింది. ఆమె గొంతు పెంచలేదు.

“ఈ మాట నీకు ఆయప్ప సెప్పినాడా, నువ్వే సెప్తాండావా?”

“ఆయనే చెప్పమన్నాడు అవ్వా.”

“మరి నువ్వేం సెప్పినావు ఆయప్పకు?”

నేను ఆయనకు ఏమీ చెప్పలేదు. సరేనని తలూపి వచ్చాను. ఆమె వెనక్కి తిరిగి తనవాళ్లతో, “పాండి,” అంది. అప్పటికే వంటవాడు కిటికీలోంచి పొట్లాలు చాపుతున్నాడు. ఎవరూ వాటిని ముట్టలేదు. పోతూ పోతూ నాతో అంది: “పదైదు సెక్కలు కొడితే అయిన మిద్దె అప్పా ఇది. ఒక్క సెక్కకు కూడు పెడతాడంట. నువ్వు పో లోపలికి, నీకు ఆకు ఏసింటారు.”

వేసి ఉంచారు. నేను కూర్చున్నాను. తిన్నాను. ఓళిగలు, అదే బొబ్బట్లు, బాగున్నాయి, రెండోసారి కూడా వడ్డించుకున్నాను. ఆ సంగతి ఇన్నేళ్లలో మా ఆవిడకు కూడా చెప్పలేదు. మంత్రిగారు ఆ మిద్దె కింద నిలబడి సమానత్వం గురించి మాట్లాడారు. గురుపాదప్పకు శాలువా కప్పారు. అంటరానితనం నేరమని చట్టం వచ్చి అప్పటికి ఎన్నేళ్లయిందో ఆ హాల్లో ఉన్న వకీళ్లకు నాకంటే బాగా తెలుసు. ఒక్కరూ నోరు మెదపలేదు. వాళ్లను తిట్టుకునే అర్హత నాకుందా అంటే, నా నోట్లో ఓళిగ ఉంది.

హోటలు బాగా నడిచింది. కాఫీకి రెండు రకాల గ్లాసులుండేవి. ఒకటి లోపలివాళ్లకు, ఒకటి కిటికీవాళ్లకు. కొన్నాళ్లకు నాకు పంచాయతీ ఇంజనీరింగులో ఉద్యోగం వచ్చి ఎమ్మిగనూరుకే వచ్చేశాను. ఎనభైల్లో సిమెంటు మీద ఆంక్షలు సడలి బజార్లో దొరకసాగింది. సున్నపు గానుగలు ఒక్కొక్కటే మూతబడ్డాయి. ఒకసారి సి.బెళగల్‌లో బడి గదులు కట్టిస్తున్నప్పుడు కంకర తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న ముసలామెను చూసి ఆగిపోయాను. ఉసేనమ్మ. ఎనిమిది ఊళ్లలో ఆమె పనితనం గురించి చెప్పుకునేవాళ్లు, ఆమె ఇప్పుడు కంకర మోస్తోంది. తట్ట దించి, “బాగుండావా ఓవర్సీరప్పా?” అని నవ్వింది. నేను పక్కకు పిలిచి, “ఆ రోజు నాది తప్పయింది అవ్వా,” అన్నాను.

“నీకు ఉద్యోగం పోతాదని బయ్యం. నాకు తెలుసులే,” అంది. కొంగుతో మొహం తుడుచుకుని, “తప్పయిందని సెప్పేకి ఇన్నేండ్లు పట్టింది. దిద్దేకి ఎన్నేండ్లు పడతాదో,” అని తట్ట ఎత్తుకుని పోయింది. అందులో కోపం లేదు. కోపం ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

ఆ తర్వాత మూడేళ్లకు కాబోలు, గురుపాదప్ప కారు మా ఆఫీసు ముందు ఆగింది. మిద్దె మీద హోటలు పేరుతో పెద్ద ఇనుప బోర్డు నిలబెట్టాలని, నాలుగు చోట్ల మిద్దెకు బొక్కలు పొడిపించి స్తంభాలు దింపాడట. నీళ్లు దిగితే సిమెంటు పూయించాడు. సిమెంటు, సున్నం కలిసి కాపురం చేయవు. ఒక వేసవి దాటగానే చుట్టూ పగిలింది. ఇప్పుడు వానొస్తే హాల్లో భోజనం చేసేవాళ్ల ఆకుల్లో నీళ్లు పడుతున్నాయట. దూలాలు కూడా నానుతున్నాయి. “ఆ ముసలామెను నువ్వే పిల్సకరావల్ల. ఆ పని తెలిసినోళ్లు ఇంగెవరూ లేరు,” అన్నాడు.

ఉసేనమ్మ ఇంటికి పోయి చెప్పాను. దూలాలు నానుతున్నాయంటే ఆమె ముఖం చిట్లించింది. చివరికి అంది: “ఈసారి బంతి పని అయినాక కాదు, ముందే. పట్టపగలు, తలుపులు తీసిపెట్టి, ఊరంతా తినేటప్పుడు. అందరం. దానికి ముందు ఆ కిటికీ నా సేత్తో మూస్తా. ఒప్పుకుంటే వస్తాం.”

ఈసారి నేను గురుపాదప్ప ఎదురుగా కూర్చుని ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మిద్దె మీద పెడతానన్నాడు. కుదరదన్నాను. హాలు ఖాళీ అయ్యాక సాయంత్రం నాలుగింటికి తలుపులు మూసి పెడతానన్నాడు. కుదరదన్నాను. ఉసేనమ్మ ఒక్కదానికి అని మళ్లీ మొదలుపెట్టాడు. “ఆమెను అడగను కూడా అడగను. నేనే కాదంటున్నాను,” అన్నాను. “నీకేమైనా పిచ్చి పట్టిందా?” అని అరిచాడు. లేచి వచ్చేశాను. ఆ రోజు బస్సులో నా ఛాతీ ఎంత వెడల్పయిందో నాకే తెలుసు. ఇంకో రెండు పెద్ద వానలు పడ్డాయి. గురుపాదప్ప దగ్గరి నుంచి మనిషి వచ్చాడు, ఒప్పుకున్నామని.

పదిహేను మందిలో పదకొండు మంది వచ్చారు. ఇద్దరు చనిపోయారు, ఇద్దరు కూలికి బొంబాయి వలస పోయారు. మధ్యాహ్నం పన్నెండున్నర, హాలు నిండుగా ఉంది. ఉసేనమ్మ సందులో నిలబడి ఇటుక మీద ఇటుక పెట్టి, సున్నం అద్ది, కిటికీ మూసింది. చేతులు కడుక్కుని, అందరినీ వెంటబెట్టుకుని ముందు తలుపు నుంచి లోపలికి వచ్చింది. ఇద్దరు ముగ్గురు చేతులు కడుక్కోకుండానే లేచి బయటికి పోయారు. పోనీ, పోయినవాళ్లు పోయారు. వాళ్లు లేచిన చోటే మావాళ్లకు ఆకులు వేశారు. సప్లయర్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు, కదల్లేదు. గురుపాదప్ప గల్లా దగ్గర నుంచి తల ఎత్తకుండా, “వడ్డించండి,” అన్నాడు. మారెమ్మ ఆకు మీద నీళ్లు చల్లుకుని, “నిజంగానే వడ్డిస్తారా అక్కా?” అని మెల్లగా అడిగింది. ఉసేనమ్మ ఆమె మోకాలి మీద చెయ్యి వేసింది.

అప్పుడు ఆమె నావైపు తిరిగింది. మారెమ్మ పక్కన ఇంకో ఆకు వేయించి ఉంచింది. “రా అప్పా, కూసో,” అంది.

ఆ రోజు హాల్లో అవతలి కొసన మా ఆఫీసు ఇంజనీరుగారు భోంచేస్తున్నారు. ఆయన బల్ల దగ్గరే మా కులపెద్ద ఒకాయన కూర్చుని ఉన్నాడు. నేను ఆకు ముందుకు ఒక అడుగు వేసి, ఆగి, ఆ బల్ల వైపు చూశాను. ఒక్క ఊపిరి తీసేంతసేపు, అంతే.

“యాడ సూస్తాండావు అప్పా?” అంది ఉసేనమ్మ. “ఆకు ఈడ ఉండాది.”

కూర్చున్నాను. అందరితో పాటు తిన్నాను. మర్నాటి నుంచి వాళ్లు మిద్దె పని మొదలుపెట్టారు. నెల తిరిగేసరికి చెక్క ఎగిరింది. ఆ మిద్దె ఇప్పటికీ కారడం లేదని విన్నాను. ఉసేనమ్మ ఆ తర్వాత రెండేళ్లే బతికింది. మళ్లీ ఎన్నోసార్లు కలిశాం, ఎన్నో మాట్లాడుకున్నాం, ఆ చూపు గురించి మాత్రం ఆమె అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ పెళ్లిలోనో, ఊరి భోజనంలోనో ఆకు ముందు కూర్చోబోతుంటే నా కాలు ఆ అడుగు దగ్గర ఒకసారి తడబడుతుంది. గురుపాదప్ప గురించి ఇన్ని పేజీలు కోపంగా రాశాను. అందులో ప్రతి మాటా నిజమే, ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. కానీ ఆ మధ్యాహ్నం మారెమ్మ పక్కన ఆకు వేసి ఉండగా, ఎవరు చూస్తున్నారోనని తల తిప్పింది గురుపాదప్ప కాదు.